హోటలే మూతపడ్డాక యూనియన్ చేతిలో ఏముంటుంది?

యూనియన్ అనగానే మనకు గుర్తొచ్చేది సమ్మె. "మా మాట వినకపోతే రేపటి నుంచి పనిలోకి రాం" అని అందరూ ఒక్కటై అనగలగడమే దాని బలం. కానీ యజమానే గేటుకు తాళం వేసి "రేపటి నుంచి ఎవరూ రానక్కర్లేదు" అంటే? పని ఆపేస్తామని బెదిరించాలన్నా ముందు పని ఉండాలి కదా.

2020 మార్చిలో ప్రపంచమంతటా హోటల్ కార్మికులకు ఎదురైన ప్రశ్న ఇదే. ఇప్పటికీ చాలామందికి సందేహంగానే ఉంది. కరోనా రోజుల్లో యూనియన్లు చేసిందేమిటి, బియ్యం బస్తాలు పంచడమేనా? దానికి యూనియనే కావాలా, ఏ సేవాసంస్థ అయినా చేయదా? మన దేశంలో 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ చర్చ మరో రూపంలో మళ్లీ మొదలైంది. అందుకే ఒక నిజమైన ఉదాహరణ తీసుకుని ఈ విషయాన్ని మొదటి నుంచి చూద్దాం. అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగస్ నగరం దీనికి సరిగ్గా సరిపోతుంది. హోటళ్ల మీదే బతికే ఊరు అది. హోటల్ కార్మికుల యూనియన్ అంత బలంగా ఉన్న ఊళ్లు ప్రపంచంలోనే తక్కువ.

దెబ్బ ముందు హోటల్‌కే ఎందుకు తగులుతుంది?

తెలుగులో హోటల్ అంటే ఇడ్లీ, దోసె పెట్టే చోటు కూడా, రాత్రి బస చేసే చోటు కూడా. ఈ వ్యాసంలో ముఖ్యంగా రెండో రకం గురించే మాట్లాడుకుంటున్నాం. గదులు ఊడ్చి పక్కలు మార్చే హౌస్‌కీపింగ్ వాళ్లు, వంటవాళ్లు, సప్లయర్లు, గిన్నెలు కడిగేవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు, ఫ్రంట్ ఆఫీసు వాళ్లు అందరూ ఇందులోకే వస్తారు.

బట్టల కొట్టులో ఈ రోజు అమ్ముడుపోని చీర రేపైనా అమ్ముడుపోతుంది. హోటల్ గది అలా కాదు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గది తాలూకు ఆదాయం పోయినట్టే, రేపు దాన్ని రెండుసార్లు అద్దెకివ్వలేం. యుద్ధం, వరద, అంటువ్యాధి, ఉగ్రవాద దాడి ఏది జరిగినా జనం ముందు ప్రయాణాలు మానేస్తారు. గదులు ఖాళీ అవుతాయి. భవనం అప్పు, కరెంటు, పన్నులు ఆగవు. వెంటనే తగ్గించగలిగింది ఒక్కటే, జీతాలు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమాన ప్రయాణాలు తగ్గినప్పుడు లాస్ వేగస్‌లో వేల మంది ఉద్యోగాలు ఇలాగే పోయాయి. 2020లో జరిగిన దానితో పోలిస్తే అది చిన్నదే.

ఇంకో సంగతి. హోటల్ పనిలో చాలామందికి జీతం కన్నా టిప్పులు, సర్వీస్ చార్జిలో వాటా ముఖ్యం. హోటల్ తెరిచే ఉన్నా, వచ్చేవాళ్లు సగమైతే జీతం స్లిప్పులో కనిపించని ఆ ఆదాయం కూడా సగమవుతుంది.

పని పోవడంలోనూ రకాలున్నాయి

వార్తల్లో అన్నిటికీ "ఉద్యోగాలు పోయాయి" అనే రాస్తారు. కానీ కార్మికుడి బతుకు ఏ మలుపు తిరుగుతుందో తేల్చేది ఈ తేడాలే.

లేఆఫ్ అంటే "ప్రస్తుతానికి పని లేదు, ఇంటికి వెళ్లు" అనడం. యజమానికీ కార్మికుడికీ మధ్య సంబంధం తెగిపోదు. అమెరికాలో దీన్ని ఎక్కువగా ఫర్లో అన్నారు. అక్కడ లేఆఫ్ అన్న మాటను పూర్తిగా తీసేయడానికి కూడా వాడతారు కాబట్టి వార్తలు చదివేటప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. రిట్రెంచ్‌మెంట్ అంటే మన చట్టం ప్రకారం అవసరం లేదని ఉద్యోగంలోంచి తీసేయడం. ఇక్కడ సంబంధం తెగుతుంది, దానికి పరిహారం ఉంటుంది.

ఈ కథలో కీలకమైన మాట రీకాల్. పని మళ్లీ మొదలైనప్పుడు కొత్తవాళ్లను తీసుకునే ముందు పాతవాళ్లను పిలవాలి, అదీ సీనియారిటీ వరసలో పిలవాలి అన్న హక్కు. ఉద్యోగం పోయినా ఉద్యోగానికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోకుండా ఉంచేది ఇదే. సంక్షోభంలో యూనియన్ చేసే పనులన్నిటిలో బయటివాళ్లకు అతి తక్కువగా కనిపించేదీ, నా దృష్టిలో అతి ముఖ్యమైనదీ ఇదే.

78 రోజులు ఆరిపోయిన దీపాలు

క్యూలినరీ వర్కర్స్ యూనియన్ లోకల్ 226 ఏర్పడింది 1935లో. అమెరికా, కెనడాల్లో హోటల్ కార్మికులను కూడగట్టే యునైట్ హియర్ అనే పెద్ద సంఘంలో ఇది భాగం. కరోనాకు ముందు దీనికి దాదాపు 60,000 మంది సభ్యులు. వలస వచ్చినవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువ. సభ్యులు మాట్లాడే భాషలు 40కి పైనే అని యూనియన్ చెబుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నెవాడా చట్టం ప్రకారం యూనియన్ చందా కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. యూనియన్ సాధించిన జీతం చందా కట్టనివాడికీ వస్తుంది. అయినా అంతమంది చందా కడుతున్నారంటే దాని వెనక పాత చరిత్ర ఉంది. 1991లో ఫ్రాంటియర్ అనే హోటల్ ముందు దాదాపు 550 మంది సమ్మెకు దిగి, ఆరేళ్లకు పైగా, 1998 మొదట్లో యాజమాన్యం మారేదాకా నిలబడ్డారు. వాళ్లలో ఒక్కరు కూడా సమ్మె విరమించి లోపలికి వెళ్లలేదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

2020 మార్చి 17న గవర్నర్ స్టీవ్ సిసోలాక్ అత్యవసరం కాని వ్యాపారాలన్నీ మూసేయమన్నారు. రాత్రీ పగలూ తెరిచి ఉండే కసినోలు, అంటే హోటళ్లతో కలిసి ఉండే జూదశాలలు, 78 రోజులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచింది జూన్ 4న. ఏప్రిల్‌లో అమెరికా మొత్తం మీద నిరుద్యోగం 15 శాతానికి దగ్గరగా ఉంటే నెవాడాలో అది 30 శాతం దరిదాపులకు చేరింది. యునైట్ హియర్ సభ్యుల్లో ఒక దశలో 98 శాతం మందికి పని లేదని ఆ సంఘమే ప్రకటించింది. నూటికి ఇద్దరే చందా కట్టగల స్థితిలో ఉన్న సంఘం మిగతా తొంభై ఎనిమిది మందిని ఆదుకోవాలి. చందా జీతంలోంచే వస్తుంది కాబట్టి జీతాలు ఆగిన రోజే యూనియన్ ఆదాయమూ ఆగింది. యూనియన్ అంటే ఎక్కడో డబ్బు మూటలున్న సంస్థ అనుకునేవాళ్లు ఈ విషయం మర్చిపోతారు.

సరుకుల సంచి, ఆసుపత్రి కార్డు

ముందు తిండి. యూనియనూ యాజమాన్యాలూ కలిసి 1993లో పెట్టుకున్న క్యూలినరీ అకాడమీ అనే శిక్షణ కేంద్రం ఆ ఊళ్లో ఉంది. వంట, సర్వీసు నేర్పించే ఆ చోటు కరోనాలో సరుకులు పంచే గోదాముగా మారింది. కార్లు వరసగా వస్తే డిక్కీలో సంచులు పెట్టి పంపేవారు. ఇది సేవాసంస్థ కూడా చేయగల పనే, నిజమే. ఒక్క తేడా ఉంది. యూనియన్ దగ్గర అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ భాష మాట్లాడతారో అన్నీ అప్పటికే ఉన్నాయి. సంక్షోభం వచ్చాక జాబితా తయారు చేసుకోవాల్సిన అవసరం రాలేదు. ప్రభుత్వ నిరుద్యోగ భృతికి ఒకేసారి లక్షల దరఖాస్తులు వచ్చిపడి అక్కడి వ్యవస్థ స్తంభించినప్పుడు, ఫారం ఎలా నింపాలో ఇంగ్లీషు సరిగా రాని మనిషికి తన భాషలో చెప్పేవాళ్లు ఉండటం ఎంత మేలో ఊహించుకోవచ్చు.

తర్వాత వైద్యం. అమెరికాలో ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే బీమా పోతుంది. సొంత డబ్బుతో కొనసాగించుకోవచ్చు కానీ యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం కార్మికుడే కట్టుకోవాలి. ఆదాయం లేని రోజున అది జరిగే పని కాదు. అంటువ్యాధి తిరుగుతున్న సమయంలో లక్షల మంది చేతిలోంచి ఆసుపత్రి కార్డు లాగేసుకున్నట్టయింది.

క్యూలినరీ సభ్యుల పరిస్థితి కొంత వేరు. వాళ్ల బీమా ఒక్కో హోటల్ చేతిలో లేదు, క్యూలినరీ హెల్త్ ఫండ్ అనే ట్రస్టు చేతిలో ఉంది. 1947 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి ట్రస్టుల బోర్డులో యూనియన్ ప్రతినిధులు, యాజమాన్యాల ప్రతినిధులు సమాన బలంతో ఉండాలి. కార్మికుడు పనిచేసిన ప్రతి గంటకూ హోటల్ కొంత డబ్బు ఫండ్‌లో వేస్తుంది. మంచిరోజుల్లో మిగిలింది నిల్వగా పోగవుతుంది. పని గంటలు సున్నా అయినప్పుడు జమ కూడా సున్నాయే. అయినా పాత నిల్వ ఉంది కాబట్టి పని లేనివాళ్లకు కూడా కొన్ని నెలల పాటు వైద్యం కొనసాగించగలిగారు.

ఇది ఎవరి దయా కాదు. అంతకుముందు ఎన్నో ఒప్పందాల్లో "ఈసారి జీతం పెంపులో కొంత తగ్గినా ఫర్వాలేదు, ఆ డబ్బు హెల్త్ ఫండ్‌కి ఇవ్వండి" అని బేరమాడి పోగేసుకున్నది. అలాగని దానికి హద్దు లేకపోలేదు. నిల్వ కరిగిపోతుంది. సంక్షోభం ఏళ్ల తరబడి సాగితే ఏ ఫండూ నిలబడదు. ఇలాంటి ఏర్పాటు ఊరంతా ఒకే వ్యాపారం మీద ఆధారపడిన చోట మరీ బలహీనం, ఎందుకంటే జమ చేసే హోటళ్లన్నీ ఒకేరోజు మూతపడతాయి.

ఎవరిని ముందు పిలవాలి?

హోటల్ తెరిచిన రోజున అసలు గొడవ మొదలవుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మనకు తెలిసినట్టుండాలని రూపాయల్లో ఊహించుకుందాం.

ఒక పెద్ద హోటల్లో మూతపడక ముందు హౌస్‌కీపింగ్‌లో 120 మంది ఉన్నారు. తెరిచిన కొత్తలో గదులు మూడోవంతే నిండుతున్నాయి కాబట్టి 40 మంది చాలు. పాతవాళ్లలో పదిహేనేళ్ల సర్వీసున్న వాళ్ల జీతం నెలకు 22,000. అదే పనికి కొత్తగా వచ్చేవాళ్లు 14,000కే సిద్ధం. మనిషికి నెలకు 8,000 తేడా, ఏడాదికి 96,000. నలభై మందీ కొత్తవాళ్లయితే హోటల్‌కు ఏడాదికి 38 లక్షలకు పైగా మిగులుతుంది. పైగా కొత్తవాళ్లు వయసులో చిన్నవాళ్లు, సెలవులు తక్కువ అడుగుతారు, యూనియన్ మీటింగులకు వెళ్లి ప్రశ్నించడం ఇంకా అలవాటై ఉండదు. యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు, నష్టాల్లో ఉన్న మంచివాడికైనా ఈ లెక్క కనిపిస్తుంది.

రీకాల్ హక్కు ఉన్న చోట ఈ లెక్క వేసే వీలు లేదు. జాబితాలో మొదటి పేరు నుంచి పిలవాలి. వాళ్లు రాలేమంటే తర్వాతి పేరు. ఒప్పందంలో దీనికి గడువు ఉంటుంది. అది దాటితే పేరు జాబితాలోంచి పోతుంది. కరోనా ఒక నెలా రెండు నెలలా అన్నది ఎవరికీ తెలియని స్థితిలో ఆ గడువు పెంచుకోవడమే పెద్ద టెన్షన్ అయింది. 2020 ఆగస్టు చివర్లో, లాస్ వేగస్‌లో పెద్ద హోటళ్లు నడిపే ఎంజీఎం రిసార్ట్స్ కంపెనీ ఇంట్లో కూర్చోబెట్టిన దాదాపు 18,000 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసినట్టు ప్రకటించింది. అలాంటి ఉత్తరం అందుకున్న మనిషికి తన పేరు ఇంకా ఏదో ఒక జాబితాలో ఉందా లేదా అన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

సీనియారిటీ పద్ధతికీ ఒక చేదు వైపు ఉంది. ఏడాది కింద చేరిన కుర్రాడు, చిన్నపిల్లల తల్లి జాబితాలో చివర ఉంటారు. అవసరం వాళ్లకే ఎక్కువ కావచ్చు. అవసరాన్ని బట్టి పిలిస్తే న్యాయంగా ఉంటుందని అనిపించడం సహజం. కానీ ఎవరి అవసరం ఎక్కువో తేల్చేది ఎవరు? ఆ అధికారం మళ్లీ మేనేజర్ చేతికే వెళుతుంది. పనిలో చేరిన తేదీని ఎవరూ మార్చలేరు కాబట్టి సీనియారిటీని పట్టుకుంటారు.

ఒప్పందం సరిపోనప్పుడు చట్టం

యూనియన్ ఒప్పందం యూనియన్ ఉన్న హోటళ్లకే వర్తిస్తుంది. మిగతావాళ్ల సంగతి? అందుకే రీకాల్ హక్కును చట్టంగా మార్చాలని అమెరికాలో యూనియన్లు అసెంబ్లీల వెంట పడ్డాయి. దీని మీద వాదన గట్టిగానే జరిగింది.

కాలిఫోర్నియాలో 2020 సెప్టెంబర్‌లో అలాంటి బిల్లు గవర్నర్ గావిన్ న్యూసమ్ దగ్గరకు వెళ్లింది. ఆయన సంతకం చేయలేదు. ఇప్పటికే కష్టాల్లో ఉన్న యాజమాన్యాల మీద ఇది మోయలేని భారమన్నది ఆయన చెప్పిన కారణం. ఆ వాదనను కొట్టిపారేయలేం. హోటల్ తెరవాలంటే పది రకాల ఇబ్బందులు, అందులో ప్రతి పాత ఉద్యోగికీ రాతపూర్వకంగా కబురు పంపి జవాబు కోసం ఎదురుచూడటం చిన్న హోటల్‌కు నిజంగా కష్టమే. మరోవైపు, పర్యాటకులు తిరిగొచ్చాక లాభం హోటల్‌ది, నష్టకాలంలో ఇంట్లో కూర్చున్నది కార్మికుడు, తిరిగి వచ్చే అవకాశం మాత్రం కొత్తవాడికా అన్నది యూనియన్ల ప్రశ్న. ఏడు నెలలకు, 2021 ఏప్రిల్‌లో, అదే గవర్నర్ కొంత కుదించిన మరో బిల్లు మీద సంతకం పెట్టారు. 50 లేదా అంతకు మించి గదులున్న హోటళ్ల వంటి వాటికే అది పరిమితమైంది. పాత ఉద్యోగికి కబురు అందాక జవాబు చెప్పడానికి ఐదు పనిదినాల గడువిచ్చారు. నెవాడాలో అలాంటి చట్టం 2021 జూన్‌లో వచ్చింది. న్యూయార్క్ నగరం ఇంకో దారి పట్టింది. తెరవకుండా, పాతవాళ్లను పిలవకుండా ఉన్న పెద్ద హోటళ్లు ఒక్కో కార్మికుడికి వారానికి 500 డాలర్ల చొప్పున 30 వారాల దాకా కట్టాలంది.

నెవాడాలో అంతకుముందు, 2020 ఆగస్టులో వచ్చిన మరో చట్టం గురించి చెప్పాలి. కరోనాతో చనిపోయిన ఒక హోటల్ కార్మికుడి పేరు దానికి పెట్టారు. గదులు రోజూ శుభ్రం చేయాలి, కార్మికుల ఆరోగ్యానికి జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది అందులో సగం. మిగతా సగం, జాగ్రత్తలు పాటించిన వ్యాపారం మీద కరోనా సోకిందని ఎవరైనా కేసు వేస్తే యజమానికి రక్షణ. అంటే యూనియన్ ఒకటి సాధించుకుంది, యాజమాన్యాలు ఒకటి సాధించుకున్నాయి. ఆ రక్షణను ఆసుపత్రులకు, స్కూళ్లకు ఇవ్వకపోవడం మీద విమర్శలొచ్చాయి. సంక్షోభంలో బేరం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, చేతులు పూర్తిగా శుభ్రంగా ఉండవు. అయినా గదిలో ఎంగిలి గ్లాసులు, వాడిన తువ్వాళ్లు ముట్టుకోవాల్సిన మనిషి వైపు నుంచి చూస్తే ఆ బేరం తప్పనిపించదు.

రోజూ గది ఊడవడం ఎందుకంత పెద్ద గొడవ?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. లెక్క చూస్తే తెలుస్తుంది.

1,000 గదుల హోటల్లో 900 గదులు నిండాయనుకుందాం. రోజూ ప్రతి గదీ శుభ్రం చేస్తే, ఒక మనిషి షిఫ్టుకు 15 గదుల చొప్పున 60 మంది కావాలి. ఇప్పుడు హోటల్ "అతిథి ఖాళీ చేసినప్పుడే ఊడుస్తాం, మధ్యలో అడిగితేనే" అంది. సగటున అతిథి మూడు రాత్రులు ఉంటే రోజుకు ఖాళీ అయ్యేవి 300 గదులు. మూడు రోజుల చెత్త ఒకేసారి తీయాలి కాబట్టి ఒక మనిషి 10 గదులకు మించి చేయలేరు. 30 మంది చాలు. గదులన్నీ నిండి ఉన్నా, వ్యాపారం బాగున్నా, సగం ఉద్యోగాలు లేవు. మిగిలిన సగం మందికి నడుం విరిగే పని.

ఇప్పుడు రీకాల్ హక్కు గుర్తు తెచ్చుకోండి. 60 మందికీ పిలుపు అందుకునే హక్కు ఉంది. పిలవడానికి పని మాత్రం 30 మందికే ఉంది. అతిథి భద్రత కోసమని, పర్యావరణం కోసమని, సిబ్బంది దొరకడం లేదని హోటళ్లు ఈ పద్ధతిని కొనసాగించాయి. అతిథుల్లో కొందరికి తమ గదిలోకి ఎవరూ రాకపోవడమే నచ్చుతుందన్నదీ అబద్ధం కాదు. ఈ మార్పు స్థిరపడితే అమెరికాలో హౌస్‌కీపింగ్ ఉద్యోగాల్లో 39 శాతం దాకా పోతాయని యునైట్ హియర్ 2021లో అంచనా వేసింది. అది యూనియన్ వేసిన లెక్క అని గుర్తుంచుకునే చదవాలి, కానీ దిశ ఏమిటో పై ఉదాహరణే చెబుతోంది.

నెవాడాలో రోజూ శుభ్రం చేయాలన్న చట్టాన్ని 2023లో రద్దు చేశారు. కరోనా పోయింది కదా, ఇక ఎందుకన్నది హోటళ్ల వాదన. అదే ఏడాది సెప్టెంబర్‌లో క్యూలినరీ సభ్యులు 95 శాతం ఓట్లతో సమ్మెకు సిద్ధమన్నారు. అప్పటికి హోటళ్లు కిటకిటలాడుతున్నాయి, కసినోల ఆదాయం రికార్డులు దాటింది. అంటే 2020లో పనికిరాకుండా పోయిన పాత ఆయుధానికి మళ్లీ పదును వచ్చింది. నవంబర్‌లో సమ్మె గడువు ముంచుకొస్తుండగా ఎంజీఎం, సీజర్స్, విన్ అనే హోటల్ కంపెనీలు ఒక్కొక్కటిగా ఒప్పందానికి వచ్చాయి. ఐదేళ్లలో జీతభత్యాలు సుమారు 32 శాతం పెరిగేలా కుదిరింది. అందులోనే ఇంకో షరతు, గదులు రోజూ శుభ్రం చేయాలి. అసెంబ్లీలో పోయింది ఒప్పందంలో తిరిగొచ్చింది.

మన దగ్గర చట్టం ఏమంది?

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మార్చి 29న కేంద్ర హోంశాఖ, మూసి ఉన్న కాలానికి కూడా పూర్తి జీతం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమల్లో లేకుండా పోయింది. జూన్ 12న కోర్టు యాజమాన్యాల మీద బలవంతపు చర్యలు వద్దని, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోమని చెప్పింది. మాట్లాడుకోవడానికి అవతలి కుర్చీలో ఎవరో ఒకరు ఉండాలి. యూనియన్ లేని హోటల్లో ఒంటరి సప్లయర్ వెళ్లి యజమానితో ఏం మాట్లాడగలడు? ఆ తీర్పు ఆచరణలో ఎవరికి పనికొచ్చింది, ఎవరికి రాలేదు అన్నది అక్కడే తేలిపోయింది.

మరో చిక్కు చాలామందికి తెలియదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ కాలానికి సగం జీతం ఇచ్చే నిబంధన ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే వర్తించేలా రాశారు. హోటల్ ఆ మూడింటిలో లేదు. రిట్రెంచ్‌మెంట్ నిబంధనలు మాత్రం హోటల్ కార్మికుడికీ వర్తిస్తాయి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడిని తీసేయాలంటే నెల నోటీసు, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి. నెలకు 15,000 జీతంతో ఆరేళ్లు చేసిన వంటమనిషికి ఇది సుమారు 45,000. కాగితం లేనివాడికి ఆ 240 రోజులు నిరూపించడమే గండం. దోసె మాస్టర్‌కి అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చే హోటళ్లు ఎన్ని ఉంటాయి?

ఈఎస్ఐ అనే ప్రభుత్వ కార్మిక బీమా దారి ఇంకొకటి. పదిమంది, అంతకు పైన పనిచేసే హోటళ్లలో 21,000 వరకు జీతం ఉన్నవాళ్లు దీని కిందకు వస్తారు. పని పోయినవాళ్లకు ఇచ్చే సాయాన్ని 2020 మార్చి 24 నుంచి ఆ ఏడాది చివరిదాకా సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. రోజుకు 500 సంపాదించే మనిషికి 90 రోజులకు 22,500 వస్తుంది. కానీ యజమాని ఈఎస్ఐ కట్టి ఉండాలి, కార్మికుడికి ఆ పథకం ఉందని తెలిసి ఉండాలి. ఈ రెండో పని సాధారణంగా యూనియన్ వాళ్లు చేస్తారు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, పని లేని సభ్యులకు యూనియన్ నిధి నుంచి సాయం చేయడాన్ని నేరుగా అనుమతించింది కూడా. దారి ఉంది, నడిచేవాళ్లు తక్కువ. హైదరాబాద్ హోటళ్లలో పనిచేసేవాళ్లలో ఒడిశా, బెంగాల్, అస్సాం, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది! ఏ రోజుకు ఆ రోజు మారే సిబ్బందిని ఒక సంఘంగా కూడగట్టడం చాలా కష్టం.

యూనియనే లేని చోట

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ హోటళ్లలో పనిచేసే కుటుంబాలు మనకు కొత్త కాదు. దుబాయ్ ఉన్న యూఏఈలో యూనియన్లకు చోటు లేదు. సంక్షోభం వస్తే పనితో పాటు వీసా, వసతి కూడా ప్రమాదంలో పడతాయి. 2023 జనవరి నుంచి అక్కడ ఉద్యోగ నష్ట బీమా తప్పనిసరి చేశారు. మూల వేతనం 16,000 దిర్హమ్‌ల లోపు ఉంటే నెలకు ఐదు దిర్హమ్‌లు కట్టాలి. పని పోతే మూడు నెలల వరకు మూల వేతనంలో 60 శాతం వస్తుంది. యూనియన్ లేకపోయినా ప్రభుత్వం తలచుకుంటే సాయం చేయగలదనడానికి ఇది మంచి ఉదాహరణే. ఆ డబ్బు మూడు నెలలు గడవడానికి పనికొస్తుంది. హోటల్ మళ్లీ తెరిచినప్పుడు పాతవాడినే పిలవాలని మాత్రం ఆ బీమా పత్రంలో ఉండదు.

ఏడాది లోపలేనా?

విచిత్రమేమిటంటే పిలవాలన్న మాట మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 1947 చట్టం ప్రకారం రిట్రెంచ్ అయినవాళ్లకే తిరిగి తీసుకోవడంలో మొదటి ప్రాధాన్యం. దాని కింద కేంద్రం చేసిన నిబంధనల్లో ఇంకా వివరంగా ఉండేది. ఖాళీలు నింపడానికి పది రోజుల ముందు నోటీసు బోర్డులో పెట్టాలి, తీసేసినవాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో కబురు పంపాలి. లాస్ వేగస్ యూనియన్ పోరాడి సాధించుకున్నదాని లాంటిదే మన పుస్తకాల్లో దశాబ్దాలుగా ఉంది. ఆ జాబితా రాయించేవాళ్లు, నోటీసు బోర్డు చూసి "ఈ పేరు ఏమైంది?" అని అడిగేవాళ్లు హోటల్ లోపల లేరు, అంతే.

పాత చట్టంలో ఈ హక్కుకు కాలపరిమితి రాయలేదు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రాశారు. తీసేసిన ఏడాది లోపు కొత్తవాళ్లను తీసుకుంటేనే పాతవాళ్లకు ప్రాధాన్యం. యజమాని ఎంతకాలమని పాత జాబితా పట్టుకు కూర్చోవాలి, దానికొక అంతు ఉండాలి కదా అన్న వాదన అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒక్కసారి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. లాస్ వేగస్ హోటళ్లు మూతపడింది 2020 మార్చిలో. నెవాడాలో రీకాల్ చట్టం వచ్చింది 2021 జూన్‌లో, అప్పటికి పదిహేను నెలలు. పిలుపు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు అప్పటికీ వేలల్లో ఉన్నారు.